ధ్రువపు ఎలుగుబంటి ఎంగిలి

(శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఫ్యాన్లు కట్టెయ్యమని మాత్రం అడగను, బయట 42 డిగ్రీలుంది. ఈ ఎండల్లో మంచు గురించి మాట్లాడమని పిలిచిన గ్రంథపాలకుల తెలివికి ముందు దణ్ణం పెట్టాలి.

ఒకటి మొదటే ఒప్పేసుకుంటాను. నేను ఆర్కిటిక్ చూడలేదు. 30 ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. రిటైరయ్యాక ఉత్తర ధ్రువం పిచ్చి పట్టింది, దొరికిందల్లా చదువుతున్నాను. మా ఇంట్లో దీన్ని మంచు జబ్బు అంటారు. ఆ జబ్బు ఇవాళ మీకు కొంచెం అంటించి పోదామని వచ్చాను.

పిల్లలూ, మీకో ప్రశ్న. ధ్రువపు ఎలుగుబంటి, అదే, తెల్ల ఎలుగు, ఏం తింటుంది? చెప్పండి. గట్టిగా చెప్పు బాబూ. పెంగ్విన్లా? చూశారా, ఈ జవాబు వస్తుందని నాకు తెలుసు. ప్రతి ఏడూ క్లాసులో వచ్చేది. తప్పు నీది కాదు నాన్నా. కూల్‌డ్రింకు ప్రకటనల్లో, గ్రీటింగ్ కార్డుల మీద ఇద్దరినీ పక్కపక్కన నిలబెడతారు. ఎలుగులు ఉత్తరాన, పెంగ్విన్లు దక్షిణాన. మధ్యలో భూగోళం మొత్తం ఉంది. ఆ రెండూ ఒకదాన్నొకటి చూసుకోవాలంటే ఏదో జూకి రావాలి.

అది తినేది సీల్‌ని. ముఖ్యంగా రింగ్డ్ సీల్ అనేదాన్ని. ఒంటి మీద ఉంగరాల్లాంటి మచ్చలుంటాయి. సరే, పరీక్షలో ఇంతవరకు రాస్తే మార్కులు పడతాయి. కానీ నేను అడిగేది అది కాదు. సీల్‌లో ఏం తింటుంది?

ఆ దృశ్యం ఒకసారి ఊహించుకోండి. సముద్రం మీద గడ్డకట్టిన మంచు. సీల్ ఉండేది ఆ మంచు కింద, నీళ్లలో. కానీ అది చేప కాదు కదా, ఊపిరికి పైకి రావాలి. అందుకని ముందరి రెక్కలకున్న గోళ్లతో మంచును కింది నుంచి గీకి గీకి బొక్కలు చేసుకుంటుంది. చలికాలమంతా ఆ బొక్కలు పూడిపోకుండా గీకుతూనే ఉంటుంది. పైన మంచు పొడి కప్పేసి ఉంటుంది, మనమైతే దాని మీద నడిచి వెళ్లిపోతాం, కింద బొక్క ఉందని కూడా తెలియదు. ఎలుగుకు తెలుస్తుంది, వాసనతో. వచ్చి పక్కన కూలబడుతుంది. ఇంక కదలదు. అరగంట, గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చెరువు గట్టున కొంగని చూశారు కదా? అచ్చం అలాగే, కాకపోతే ఇది నాలుగైదు క్వింటాళ్ల కొంగ. కింద నీళ్లు కదిలిన చప్పుడు, ఊపిరి వదిలిన చప్పుడు వినపడగానే పంజా దిగుతుంది. చాలాసార్లు సీలే తప్పించుకుంటుంది. మళ్లీ ఇంకో బొక్క, మళ్లీ కూర్చోడం.

ఇంత కష్టపడి పట్టాక ఏం చేస్తుంది? వసంతంలో, సీళ్లు దండిగా దొరికే రోజుల్లో, బాగా బలిసిన ఎలుగైతే తోలు చీల్చి, దాని కింద రెండు మూడు వేళ్ల మందాన ఉండే తెల్లటి కొవ్వుని ఒలుచుకుని తింటుంది. ఎర్రటి మాంసం చాలావరకు అక్కడే వదిలేస్తుంది. మూతీ కాళ్లూ నీళ్లలో కడుక్కుని, లేకపోతే మంచులో తుడుచుకుని వెళ్లిపోతుంది. మనింట్లో పిల్లలు కొవ్వు ముక్కలు కంచం పక్కకు తీసిపెట్టి కండ తింటారు. దీనిది తిరగేసిన వ్యవహారం.

ఎందుకు? పొగరా? కాదండీ. లెక్క. గ్రాము కొవ్వులో తొమ్మిది కేలరీలుంటే గ్రాము మాంసకృత్తుల్లో నాలుగు. పైగా తిన్న కొవ్వులో 97 శాతం ఎలుగు ఒంటికి పడుతుంది, మాంసకృత్తుల్లో 84 శాతమే. అసలు సంగతి ఇంకోటుంది, నీళ్లు. చుట్టూ నీళ్లే కదా అంటారు. సముద్రం ఉప్పు, మిగతాది గడ్డ. మంచు తిని ఒంట్లో కరిగించుకుంటే ఒంటి వేడి ఖర్చు. మాంసం అరిగితే యూరియా తయారవుతుంది, దాన్ని బయటికి పంపాలంటే నీళ్లు కావాలి. కొవ్వు అలా కాదు, ఒంట్లో ఖర్చయ్యేటప్పుడు అదే నీళ్లు పుట్టిస్తుంది. అన్నమూ అదే, మంచినీళ్లూ అదే. ఇప్పుడు చెప్పండి, ముందు ఏది తినాలి?

సరే, మరి సీల్‌కి ఆ కొవ్వు ఎక్కడిది? సీల్ పోలార్ కాడ్ అనే జానెడు చేపని తింటుంది. ఆ చేప రక్తంలో గడ్డకట్టకుండా కాపాడే పదార్థం ఉంటుంది, అందుకే మంచు నెర్రెల్లో దూరి బతకగలదు. ఆ చేప కోపిపాడ్ అనే బుల్లి రొయ్యలాంటి పురుగుని తింటుంది. బియ్యపు గింజంత ఉంటుంది. ఆ పురుగు ఏం తింటుంది? మంచు అడుగున పెరిగే నాచు. ఔనండీ, మంచుగడ్డ అడుగున. చలికాలం చీకటి పోయి సూర్యుడు తిరిగి రాగానే, మంచులోంచి వడకట్టి దిగిన కాస్త వెలుతురుకే అక్కడ గోధుమరంగు నాచు పడుతుంది. మన నూతి గట్టు మీద పాచి పట్టినట్టు. ఆ కొద్ది వారాలే పంట. పురుగు ఆ నాచు తిని ఒంట్లో నూనె సంచి నింపుకుంటుంది. నింపుకుని లోతుకు దిగిపోయి, చలికాలమంతా ఏమీ తినకుండా ఆ నూనె మీదే బతుకుతుంది. మనం ఈ నెలలో ఆవకాయ పెట్టుకుని ఏడాదంతా తింటాం చూడండి, అక్కడ ప్రతి ప్రాణిదీ ఆ ఆవకాయ లెక్కే. కాకపోతే జాడీ ఒంట్లోనే ఉంటుంది.

ఈ నిల్వ వ్యవహారంలో ఒక ప్రమాదం కూడా ఉంది. 1596లో డచ్చి నావికుడు విలియం బారెంట్స్ ఓడ రష్యాకు ఉత్తరాన ఉన్న నోవాయా జెమ్ల్యా దీవి దగ్గర మంచులో ఇరుక్కుపోయింది. చలికాలమంతా వాళ్లు చెక్కలతో ఇల్లు కట్టుకుని అక్కడే గడిపారు. ఆ గుంపులో గెరిట్ డి వీర్ అనే ఆయన డైరీ రాశాడు. 1597లో ఒకసారి వాళ్లు ఎలుగు కాలేయం వండుకుని తిన్నారు. రుచిగానే ఉందట. తర్వాత అందరికీ జబ్బు చేసింది. ముగ్గురికైతే నెత్తి నుంచి కాళ్ల దాకా చర్మం ఊడి వచ్చింది. బతికారు, అదృష్టం. ఆ కాలేయంలో ఉన్న విషం ఏమిటో 1943లో గానీ తేలలేదు. విటమిన్ ఎ! మనం కళ్లకు మంచిదని క్యారెట్‌లో వెతుక్కునేదే. పురుగు నుంచి చేపకు, చేప నుంచి సీల్‌కు, సీల్ నుంచి ఎలుగుకు మెట్టు మెట్టుగా పేరుకుని, చివరికి మనిషికి విషమయ్యేంత చేరింది. ఆర్కిటిక్‌లోనే తరతరాలుగా ఉంటున్న ఇన్యూట్ జనాలకు మాత్రం ఇది ఏ ప్రయోగశాలా చెప్పక్కర్లేదు. ఎలుగుని వేటాడి తినేవాళ్లే, కాలేయం మాత్రం ముట్టరు.

ఇప్పుడు మళ్లీ ఆ మంచు మీదికి వద్దాం. ఎలుగు మాంసం వదిలేసి పోయిందన్నాను కదా. ఆ ఎంగిలి ఏమైంది?

కాస్త దూరంలో ఒక తెల్ల నక్క కూర్చుని ఉంటుంది. ఆర్కిటిక్ నక్క, మూడు నాలుగు కిలోల ప్రాణి. మన ఇళ్ల దగ్గర తిరిగే పెద్ద పిల్లి కన్నా కొంచెం నయం, అంతే. ఎలుగు వెనకాలే నడుస్తుంది, అది తినేదాకా ఆగుతుంది, అది లేవగానే ఇది కూర్చుంటుంది. పెళ్లి పందిరి వెనకాల కుక్కల్ని చూస్తాం చూడండి, అదే ఓపిక. దానితో పాటు ఐవరీ గల్ అనే తెల్ల పక్షులు కూడా దిగుతాయి. ఈ ఎంగిలి కోసం నక్క ఎంత దూరమైనా పోతుంది. 2018 మార్చిలో ఒక ఆడ నక్కపిల్ల, మెడకు ట్రాకర్ కట్టినది, నార్వేవాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లోంచి బయల్దేరింది. మంచు మీద నడిచి గ్రీన్లాండ్ దాటి కెనడాలోని ఎల్స్‌మియర్ దీవికి చేరింది. 76 రోజుల్లో 3,506 కిలోమీటర్లు. ఒకరోజైతే 155 కిలోమీటర్లు. నేను బస్సులో అంత దూరం పోతే రెండు రోజులు నడుము పట్టేస్తుంది.

స్వాల్‌బార్డ్ అంటే ఎక్కడో అనుకోకండి, మనవాళ్లూ ఉన్నారక్కడ. 2008 నుంచి మన దేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి అక్కడి నీ-ఓలెసుండ్‌లోనే నడుస్తోంది. ఆ ఊళ్లో తలుపులకు తాళాలు వెయ్యరు. దొంగలు లేక కాదు, ఎలుగు ఎదురైతే ఏ ఇంట్లోకైనా దూరిపోవాలని.

ఈ దీవులకు మన పాఠ్యపుస్తకంతో ఒక సంబంధం ఉంది. ఇది వినండి, టీచర్లు ముఖ్యంగా వినండి. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. ఆహారపు గొలుసు. మనందరం గీశాం, బాణాలు ఎటు పెట్టాలో మర్చిపోయి తన్నులు కూడా తిన్నాం. ఆ గొలుసులన్నీ కలిపి వలలాగా గీసే ఆహార జాలకం ఉంది కదా, దాని తొలి బొమ్మల్లో ఒకటి ఎక్కడిదో తెలుసా? ఇక్కడిదే. చార్లెస్ ఎల్టన్ అని ఇంగ్లండు కుర్రవాడు, 21 ఏళ్లు, 1921లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులతో కలిసి ఈ స్వాల్‌బార్డ్ దీవుల్లో పెద్దదైన స్పిట్స్‌బెర్గెన్ వెళ్లాడు. దారిలో బేర్ ఐలాండ్ అని చిన్న దీవి. అక్కడ ఎవరు ఎవర్ని తింటున్నారో సమర్‌హేస్ అనే వృక్షశాస్త్రవేత్తతో కలిసి 1923లో బాణాలతో గీసి అచ్చు వేశాడు. ఎందుకు అక్కడే గీయగలిగాడు? జాతులు తక్కువ కాబట్టి. మన నల్లమలలో కూర్చుని గీద్దామంటే కాగితం చాలదు, జీవితం కూడా చాలదు. ఆ బొమ్మలో ఎలుగు నుంచి నక్కకు కూడా ఒక బాణం ఉంది. నక్క ఎలుగుని తింటుందని కాదు. ఎలుగు పేడని తింటుందని. చలికాలంలో ఎంగిలి కూడా దొరక్కపోతే అదే గతి. మన పుస్తకాల్లోకి వచ్చేసరికి ఈ బాణం మాయమైపోయింది. పిల్లలు నవ్వుతారని తీసేశారేమో. నన్నడిగితే అదే అసలు పాఠం.

ఎల్టన్ కథ ఇంకొంచెం ఉంది. 1923లో మళ్లీ అటు వెళ్లి తిరిగి వస్తూ నార్వేలోని ట్రోమ్సో ఊళ్లో ఒక పుస్తకాల షాపులో రాబర్ట్ కాలెట్ రాసిన నార్వే క్షీరదాల పుస్తకం చూశాడు. తనకు నార్వే భాష రాదు. అయినా కొన్నాడు. అందులో లెమింగుల మీద బోలెడు పేజీలున్నాయి, ఏ ఏ సంవత్సరం లెమింగులు విరగబడ్డాయో ఆ లెక్కతో సహా. అవి చూస్తూ ఆయన పట్టుకున్నాడు, ఇది మూడు నాలుగేళ్లకోసారి తిరిగి వస్తోందని.

లెమింగ్ అంటే ఎలుక జాతి. గుప్పిట్లో పట్టేంత ఉంటుంది, తోక ఉందో లేదో తెలీదు. గడ్డి, నాచు తింటుంది. చలికాలం నిద్రపోదు. మంచు దుప్పటి కింద సొరంగాలు చేసుకుని అక్కడే తింటూ, అక్కడే పిల్లల్ని కంటుంది. ఉత్తరాన నేల మీద ఉన్న వేటగాళ్లందరికీ అన్నం ముద్ద ఇదే. మంచు గుడ్లగూబ ఒక్కటి రోజుకు మూడు నుంచి ఐదు లెమింగుల్ని మింగేస్తుంది. లెమింగులు విరగకాసిన ఏడు పది పదకొండు గుడ్లు కూడా పెడుతుంది. లేని ఏడు? ఒక్క గుడ్డు కూడా పెట్టదు. నెలసరి బడ్జెట్ వేసుకునే ఇల్లాలు కూడా అంత ఖచ్చితంగా ఉండదు.

ఏమ్మా, లెమింగులు గుంపుగా కొండ మీంచి దూకి ఆత్మహత్య చేసుకుంటాయనా? అబద్ధం. 1958లో ఒక సినిమాలో అలా చూపించారు. సముద్రమే లేని చోట, వేరే ఊరి నుంచి తెచ్చిన లెమింగుల్ని కెమెరా ముందు తోసి తీశారు. అరవై ఏళ్లు దాటినా ఆ అబద్ధం ఇంకా తిరుగుతోంది. అవి గుంపులుగా వలస పోయేది నిజం, ఏరు ఈదబోయి కొన్ని మునిగేది నిజం. అంతవరకే.

మాంసాహారుల సంగతే చెబుతున్నానని శాకాహారులు అలిగినట్టున్నారు. రెయిన్‌డీర్ దగ్గరికి వద్దాం. ఉత్తర అమెరికాలో దీన్ని కారిబూ అంటారు. ఆ మాట అక్కడి మిక్మాక్ ఆదివాసులది, మంచు తవ్వేది అని అర్థం. గిట్టలతో మంచు తవ్వి, కింద ఉన్న లైకెన్ తింటుంది. లైకెన్ అంటే తెలీదా? మీరందరూ తిన్నారు. బిర్యానీ మసాలాలో నల్లగా, ఎండిన ఆకుల్లా వేస్తారు, రాతిపువ్వు, హైదరాబాదులో దగడ్ ఫూల్ అంటారు. అదీ లైకెనే. రెయిన్‌డీర్ తినేది దాని చుట్టం. మనకు చిటికెడు చాలు, దానికి చలికాలంలో అదే అన్నం. వచ్చిన చిక్కల్లా లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఒకసారి మేసేస్తే మళ్లీ రావడానికి దశాబ్దాలు పడుతుంది.

దీనికి ఒక కథ చెబుతాను. బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ అనే దీవి ఉంది, అలాస్కాది. 1944లో, యుద్ధ కాలంలో, అక్కడ రేడియో కేంద్రంలో ఉన్న కొద్దిమంది సైనికులకు కష్టకాలంలో తిండికి పనికొస్తాయని అమెరికా కోస్ట్ గార్డ్ 29 రెయిన్‌డీర్లను దింపింది. యుద్ధం అయిపోయింది, మనుషులు వెళ్లిపోయారు. జంతువులు మిగిలాయి. దీవిలో తోడేళ్లు లేవు. నాలుగంగుళాల మందాన లైకెన్ పరుపు. ఇంకేం కావాలి? 1957లో డేవిడ్ క్లైన్ అనే శాస్త్రవేత్త వెళ్లి లెక్కపెడితే 1,350. అన్నీ నిగనిగలాడుతున్నాయి. 1963లో వెళితే 6,000. కాలు పెట్టిన చోటల్లా వాటి పెంటికలే, లైకెన్ అరిగిపోయింది. ఆ వచ్చిన చలికాలం చాలా కఠినంగా పడింది. 1966లో మళ్లీ వెళ్లాడు. దీవంతా ఎముకలు. బతికున్నవి 42. అందులో 41 ఆడవి, ఒకే ఒక్క మగది, దాని కొమ్ములు కూడా సరిగా లేవు. దూడ ఒక్కటీ లేదు. తర్వాత కొన్నేళ్లకు అవీ పోయాయి. నేను ఈ అంకెలు బోర్డు మీద రాసి, ఇంకేమీ చెప్పకుండా చాక్‌పీస్ కింద పెట్టేసేవాణ్ణి. 29, 1,350, 6,000, 42. క్లాసులో చప్పుడుండేది కాదు.

స్వాల్‌బార్డ్ రెయిన్‌డీర్లది వేరే కష్టం. చలికాలంలో ఇప్పుడు అక్కడ వర్షం పడుతోంది. వర్షం మంచిదే కదా అంటాం మనం. అక్కడ మంచు మీద వాన పడితే అది గాజు పలకలా గడ్డకడుతుంది. గిట్టకు పగలదు. కింద గడ్డి కనిపిస్తున్నా అందదు. అలాంటి ఏళ్లలో అవి సముద్రం ఒడ్డుకు దిగి సముద్రపు నాచు తింటున్నాయి. ఇష్టపడి కాదు, గతిలేక.

వాల్రస్ గురించి, అదే, సీల్‌కి చుట్టమైన పెద్ద కోరల జంతువు గురించి ఒక్క నిమిషం, టైమైపోతోంది. ఆ పెద్ద కోరలతో ఏం తింటుందని అడుగుతారు. కోరలతో తినదు. సముద్రం అడుగున మీసాలతో తడిమి ఆల్చిప్పల్ని వెతుకుతుంది. పెదాలకు ఆనించి, నాలుకని పంపులా వెనక్కి లాగి లోపలి మాంసం పీల్చేసుకుంటుంది. ఖాళీ చిప్ప అక్కడే పడేస్తుంది. ఒక్క పూటకి వేల ఆల్చిప్పలు. మన గోదావరి జిల్లాలవాళ్లు రొయ్యల తల పీల్చే నేర్పు గుర్తొస్తుంది నాకు.

చివరిగా మళ్లీ ఎలుగు దగ్గరికి. వేటాడేది మంచు మీద నిలబడి. వేసవిలో మంచు ఇప్పుడు త్వరగా కరుగుతోంది, ఆలస్యంగా గడ్డకడుతోంది. మంచు లేకపోతే ఎలుగు ఒడ్డు మీద కూర్చోవాలి. పేపర్లో చూస్తుంటాం, ఎలుగులు బాతుగుడ్లు తింటున్నాయి, పండ్లు తింటున్నాయి, అలవాటు పడిపోతాయి, భయం లేదని. 2020లో స్వాల్‌బార్డ్‌లోని హార్న్‌సుండ్ దగ్గర ఒక ఆడ ఎలుగు రెయిన్‌డీర్‌ని సముద్రంలోకి తరిమి, ముంచి చంపి తినడం కూడా చూశారు. నిజమే. తెలివైన జంతువు, ఏదో ఒకటి వెతుక్కుంటుంది. కానీ కడుపు నిండుతోందా? కెనడాలో హడ్సన్ అఖాతం పడమటి ఒడ్డున 20 ఎలుగుల మెడకు కెమెరాలు కట్టి సుమారు మూడేసి వారాలు చూశారు. ఆ ఫలితాలు 2024లో వచ్చాయి. కొన్ని గడ్డి మేశాయి, కొన్ని పండ్లు ఏరుకున్నాయి, కొన్ని ఏమీ చెయ్యకుండా పడుకున్నాయి. ఏది ఏం చేసినా 20లో 19 చిక్కిపోయాయి. సగటున రోజుకు కిలో.

చిక్కిన ఎలుగు సీల్ దొరికితే ఏం చేస్తుందో తెలుసా? కొవ్వు ఏరుకుని పోదు. మాంసం, తోలు, ఏమీ వదలదు. దూరంగా కూర్చున్న నక్క అలాగే కూర్చుని ఉంటుంది.

ఆ కెమెరాల్లో ఒక సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఈదుతున్న రెండు ఎలుగులకు నీళ్లలో చచ్చిన జంతువులు దొరికాయి. అంత తిండి చేతికందింది. ఈదుతూ తినలేకపోయాయి, ఒడ్డుకు లాక్కురాలేకపోయాయి. కింద మంచు పలక ఉంటే దాని మీదకు లాగి కూర్చుని తినేవి. వడ్డన ఉంది, విస్తరి లేదు.

సరే, గ్రంథపాలకులు గడియారం చూస్తున్నారు, నేను గమనించనట్టు నటిస్తున్నాను. ప్రశ్నలుంటే అడగండి. ముందు మన పెంగ్విన్ బాబు చెయ్యెత్తాడు. చెప్పు నాన్నా.